మౌలాలి గుర్రాలకు గడ్డి కోసిందెవరు?



వరంగల్ నుంచి సికింద్రాబాద్ రైల్లో పోయేవాళ్ళందరికీ ఒక అనుభవం ఉంటుంది. ఘట్‌కేసర్ రాగానే బ్యాగులు దించుకుంటాం. చర్లపల్లి దాటగానే తలుపు దగ్గర నిలబడతాం. సరిగ్గా అప్పుడే బండి ఆగిపోతుంది. సిగ్నల్ దొరకదు. అట్లా ఆగినప్పుడు పెద్ద రాతిగుట్ట, దాని మీద దర్గా కనబడతాయి. అది మౌలాలి. కాకతీయ యూనివర్సిటీలో చదువుకునే రోజుల్లో తార్నాకలోని స్టేట్ ఆర్కైవ్స్‌కు పోతూ వస్తూ ఆ గుట్టను ఎన్నిసార్లు చూశానో లెక్క లేదు. చూసిన ప్రతిసారీ ఎప్పుడు కదులుతుందిరా బాబూ అనుకోవడం తప్ప ఇంకో ఆలోచన రాలేదు.

ఆ గుట్ట ప్రాంతంలో ఒకప్పుడు గుర్రపు పందేల మైదానం ఉండేదని తర్వాత తెలిసింది. హైదరాబాద్ రేసులంటే అందరికీ మలక్‌పేటే గుర్తొస్తుంది. కానీ రేసులు మొదలైంది మలక్‌పేటలో కాదు, మౌలాలిలో.

ఈ వారం వ్యాసం ఆ పాత మైదానం గురించి. ఒక తమ్ముడు అడిగాడు: "అన్నా, గుర్రపు పందేలతో మనకేం పని? నవాబులు ఆడుకున్నరు, దొరలు ఆడుకున్నరు. మనం ఎప్పుడన్న గుర్రమెక్కినమా?" ఆ ప్రశ్నలోనే జవాబుంది. మనం గుర్రం ఎక్కలేదు. మరి గుర్రం దగ్గర ఎవరున్నారు?

1. రెండేళ్ళ నవాబు, పద్దెనిమిదేళ్ళ మైదానం

రేస్ క్లబ్బు చెప్పుకునే చరిత్ర ప్రకారం హైదరాబాద్ రాజ్యంలో గుర్రపు పందేలు 1868లో మౌలాలిలో మొదలయ్యాయి. 1886లో మలక్‌పేటకు మారాయి. ఎందుకు మారాయి? ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్‌కు మైదానం తన మహలుకు దగ్గరగా కావాలనిపించింది. అంతే కారణం.

చాలా చోట్ల మౌలాలి రేసులను కూడా మహబూబ్ అలీ పాషా ఖాతాలోనే రాస్తారు. విద్యార్థులు ఇక్కడ ఒక్క నిమిషం ఆగి లెక్క చూసుకోవాలి. ఆయన పుట్టింది 1866 ఆగస్టులో. 1868లో ఆయన రెండేళ్ళ పిల్లవాడు. అప్పటికి గద్దె మీద ఉన్నది ఆయన తండ్రి అఫ్జలుద్దౌలా. దివాను సాలార్‌జంగ్. 1869 ఫిబ్రవరిలో తండ్రి చనిపోతే ఈ పసివాడి పేరు మీద రాజ్యం నడిచింది. పూర్తి అధికారం చేతికొచ్చింది 1884లో. ఆ తర్వాత రెండేళ్ళకు, ఇరవై ఏళ్ళ వయసులో, మైదానాన్ని తన ఇంటి దగ్గరికి తెప్పించుకున్నాడు.

ఇది చిన్న విషయమే. కానీ మన చరిత్ర రాసే పద్ధతి ఇందులో మొత్తం కనబడుతుంది. రెండేళ్ళ పిల్లవాడు కూడా రాజైతే ఒక మైదానానికి స్థాపకుడైపోతాడు. ఆ మైదానంలో ఏళ్ళ తరబడి పేడ ఎత్తిన మనిషి మాత్రం ఏ వాక్యంలోనూ ఉండడు.

ఇంకొక సంగతి. 1886లోనే నిజాం రాజ్యపు రైలు వరంగల్ దాకా వచ్చింది. మూడేళ్ళకు, 1889లో, బెజవాడ చేరింది. అంటే మౌలాలి నుంచి గుర్రాలు వెళ్ళిపోయిన ఏడాదే మన ఊరి నుంచి మౌలాలి మీదుగా రైలు నడిచింది. అదే లైను మీద ఇప్పటికీ మనం సిగ్నల్ కోసం ఎదురు చూస్తున్నాం. మౌలాలి పేరు చెబితే ఇవాళ రైల్వే స్టేషన్, లోకో షెడ్డు, కాలనీలు గుర్తొస్తాయి. గుర్రాలు ఎవరికీ గుర్తు రావు.

2. గుర్రానికి ఒక మగవాడు, ఒక ఆడది

గుర్రం మన నేలకు కొత్త కాదు. కాకతీయుల కాలంలోనే గుర్రాలు సముద్రం దాటి మోటుపల్లి రేవుకు దిగేవి. ఢిల్లీ సైన్యం ఓరుగల్లును ముట్టడించి కప్పం అడిగినప్పుడు ప్రతాపరుద్రుడు ఏనుగులతో పాటు వేల గుర్రాలు ఇచ్చుకోవాల్సి వచ్చింది. గుర్రం అంటే యుద్ధం, గుర్రం అంటే అధికారం. కానీ టికెట్టు పెట్టి, పందెం కాసి, గుండ్రటి బాట మీద పరిగెత్తించే ఈ ఆట ఇంగ్లీషువాళ్ళ వెంట వచ్చింది. మద్రాసు గిండీలో 1777 నాటికే ఉంది. 1798లో నిజాం ఇంగ్లీషువాళ్ళతో సైన్య సహకార సంధి చేసుకున్నాడు. 1806లో సికింద్రాబాద్ కంటోన్మెంటు వెలిసింది. దాని వెనకాలే ఈ ఆట కూడా ఇక్కడికి చేరింది. మౌలాలి కంటోన్మెంటుకు దగ్గర.

ఇప్పుడు లెక్క వేయండి. పందెపు గుర్రం రోజూ తినాలి. దాన్ని రోజూ తోమాలి, కడగాలి, నడిపించాలి. రాత్రి దాని పక్కన పడుకోవాలి. ఈ పనిచేసేవాణ్ణి సాయిసు అంటారు. గుర్రానికి పచ్చగడ్డి తెచ్చే పని మాత్రం వేరేవాళ్ళది.

1830లలో జూలియా మెయిట్‌లండ్ అనే ఇంగ్లీషు ఆవిడ రాజమండ్రిలో ఉండేది. ఆమె భర్త అక్కడ జడ్జి. ఆమె ఇంటికి రాసిన ఉత్తరాలు 1843లో మద్రాసు ఉత్తరాల పేరుతో పుస్తకంగా వచ్చాయి. ఇక్కడి ఇళ్ళలో ఎంతమంది నౌకర్లో చూసి ఆశ్చర్యపోతూ ఆమె ఒక మాట రాసింది. ప్రతి గుర్రానికీ ఒక మగమనిషి, దాని గడ్డి కోయడానికి ఒక ఆడమనిషి ఉంటారట. ఆమె నవ్వుతూ రాసింది. మనం నవ్వలేం. ఎందుకంటే ఆ ఆడమనిషి ఎవరో మనకు తెలుసు. చాలాసార్లు ఆమె ఆ సాయిసు భార్యే. అంటే ఒక గుర్రం వెనక ఒక కుటుంబం.

గడ్డి కోయడం అంటే కొడవలి పట్టి వరిగడ్డి కోయడం కాదు. గుర్రానికి కావాల్సింది గరిక. దాన్ని కుర్పితో వేళ్ళతో సహా నేల మీంచి గీకాలి. మట్టి దులపాలి. కడగాలి. మోపు కట్టి నెత్తి మీద పెట్టుకుని మైళ్ళు నడవాలి. ఎండాకాలం గరిక దొరకదు, గుర్రానికి ఆకలి మాత్రం ఆగదు.

ఈ పనికి ఎవరొచ్చారు? హైదరాబాద్‌లో సాయిసుల్లో పేద ముస్లింలు ఉన్నారు. కంటోన్మెంటులో మద్రాసు పటాలాల వెంట వచ్చిన అంటరాని కులాలవాళ్ళు ఉన్నారు. గొడ్డుమాంసం తినే దొర ఇంట్లో వంట చేయడానికి, పెంట ఎత్తడానికి, గుర్రం తోమడానికి సవర్ణ హిందువు రాడు. మైల పడతాడు. మనవాళ్ళకు పడటానికి కొత్త మైల ఏమీ లేదు. మాల, మాదిగ, పరయ కులాల మనుషులు వంటవాళ్ళుగా, బట్లర్లుగా, సాయిసులుగా, గడ్డి కోసేవాళ్ళుగా కంటోన్మెంటుల్లో చేరారు.

మా ఇంట్లో కూడా ఈ కథ ఉంది. మా తాత చిన్నాయన ఒకాయన కరువులో ఊరిడిచి "లష్కర్" పోయాడని మా నాయనమ్మ చెప్పేది. లష్కర్ అంటే సికింద్రాబాద్. అక్కడ గుర్రాల కాడ పనికి కుదిరాడు. ఏ దొర దగ్గరో, ఏ గుర్రమో ఆమెకు తెలియదు. ఆయన పండగకు వచ్చినప్పుడు చెప్పిన మాటలు మాత్రం ఆమెకు నోటికొచ్చు.

"గుర్రం తిన్నంకనే సాయిసు తినాలె బిడ్డా. గుర్రానికి జెరమొస్తె దొర నిద్రపోడు. సాయిసుకు జెరమొస్తె కూలి కోత. ఉలవలు గుర్రానికి, కట్టు మనకు."

ఉలవలు గుర్రపు దాణా. ఉడికించి గుర్రానికి పెడతారు. ఉడికిన నీళ్ళు, అంటే ఉలవకట్టు, పారబోయకుండా సాయిసు ఇంటికి తీసుకుపోతాడు. చింతపండు, ఉప్పు, కారం పడితే అదే ఆ పూట కూర. ఇవాళ పెద్ద హోటళ్ళలో చిన్న గిన్నెలో పోసి, పైన మీగడ వేసి ఉలవచారు తెచ్చి పెడితే నాకు మా నాయనమ్మ మాట గుర్తొస్తుంది.

3. గడ్డి బజారు, గడ్డి కులం

సికింద్రాబాద్‌లో ఘాస్‌మండి అనే పాత బస్తీ ఉంది. ఘాస్ అంటే గడ్డి, మండి అంటే బజారు. గడ్డి అమ్మిన చోటు. లష్కర్‌లో గుర్రాలున్నాయి కాబట్టి గడ్డికి ఒక బజారు కావాల్సి వచ్చింది. మౌలాలి మైదానం నుంచి గుర్రాలు పోయాయి. కంటోన్మెంటులోనూ గుర్రాల స్థానంలో మోటార్లు వచ్చాయి. గడ్డి పేరు మాత్రం బస్తీకి అట్లాగే ఉండిపోయింది. చరిత్ర పుస్తకాలు దాచిపెట్టినదాన్ని ఒక్కోసారి ఊరి పేరు దాచిపెట్టలేదు.

ఊరి పేరే కాదు, కులం పేరు కూడా. షెడ్యూల్డు కులాల జాబితా తీసి చూడండి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండింటిలోనూ "ఘాసి, హడ్డి, రెల్లి, ఛచండి" అని ఒక వరుస ఉంటుంది. ఘాసి అనే పేరు గడ్డి నుంచే వచ్చిందని ఇంగ్లీషు కాలపు కులాల గ్రంథాలు రాశాయి. మధ్య భారతంలో గుర్రాల దగ్గర పనిచేసి, గడ్డి కోసిన కులంగా వాళ్ళను నమోదు చేశాయి. దొర గుర్రం తిన్న గడ్డి ఒక జాతికి పేరై కూర్చుంది. గుర్రం ఎక్కినవాడు నవాబు అయ్యాడు, రాజా అయ్యాడు. గడ్డి కోసినవాడు ఘాసి అయ్యాడు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. ఆ ఘాస్‌మండిలోనే ఒక దళిత కుటుంబంలో ఒక పిల్లవాడు పుట్టాడు. పేరు బి.ఎస్. వెంకట్రావు. మనవాళ్ళు ఆయన్ను హైదరాబాద్ అంబేడ్కర్ అని పిలుచుకున్నారు. 1922లో మిత్రులతో కలిసి ఆది ద్రావిడ సంఘం పెట్టాడు. దేవదాసీ, జోగిని దురాచారాల మీద పోరాడాడు. నిజాం చివరి రోజుల్లో మంత్రి అయ్యాడు. దళిత పిల్లల చదువు కోసం కోటి రూపాయల నిధి సాధించాడు. ఆయన కుటుంబం గడ్డి అమ్మిందని నేను అనడం లేదు. నేను అంటున్నది ఒక్కటే. గడ్డి బజారు చుట్టూ పెరిగిన బస్తీలో మనవాళ్ళకు కూలి నగదు రూపంలో దొరికింది. ఊళ్ళో వెట్టికి గింజలు కూడా సరిగా దొరకని కాలంలో అది చిన్న సంగతి కాదు. నగదు చేతికొస్తే పలక కొనొచ్చు. పలక కొంటే బడికి పంపొచ్చు.

కంటోన్మెంటు మనకు స్వర్గం కాదు. కానీ ఊరి పొలిమేర దాటిన మనిషికి అక్కడ కొంత ఊపిరి ఆడింది. బాబాసాహెబ్ పుట్టింది కూడా ఒక కంటోన్మెంటులోనే, 1891లో మహూలో. తండ్రి సైన్యంలో సుబేదారు. ఇది గుర్తుపెట్టుకుంటే ఘాస్‌మండి నుంచి ఒక వెంకట్రావు ఎందుకు వచ్చాడో అర్థమవుతుంది.

మలక్‌పేట వైపు చూసినా ఇదే దృశ్యం. మలక్‌పేటకు మూసీ అవతల చాదర్‌ఘాట్. అక్కడే భాగ్యరెడ్డి వర్మ ఆది హిందూ భవన్ నిలబెట్టాడు. ఆయన 1888లో పుట్టాడు, అంటే మలక్‌పేటకు గుర్రాలు వచ్చిన రెండేళ్ళకు. 1906లో జగన్ మిత్ర మండలి పెట్టాడు. 1910లో ఇసామియా బజారులో, లింగంపల్లిలో మన పిల్లలకు బడులు తెరిచాడు. 1911లో మన్య సంఘం. అదే 1911 ఆగస్టులో మహబూబ్ అలీ పాషా చనిపోయాడు. నది ఒడ్డున అవతల ఒకరు గుర్రాలు పరిగెత్తించారు. ఇవతల ఒకరు పిల్లల చేత అక్షరాలు దిద్దించారు. ఒకరి పేరు మీద మహలుంది. రెండోవారి భవనం ముందు నుంచి రోజూ వేలమంది పోతారు, బోర్డు చదివేవాళ్ళు తక్కువ.

ఒక మాట నిజాయితీగా చెప్పాలి. నిజాం పాలనను మొత్తం చీకటి అనడం మనకు కుదరదు. భాగ్యరెడ్డి వర్మకు ఆ రాజ్యంలో పనిచేసే చోటు దొరికింది. వెంకట్రావుకు కోటి రూపాయలు ఇచ్చింది ఆ ప్రభుత్వమే. అదే రాజ్యంలోని పల్లెల్లో దొరలు మన చేత వెట్టి చేయించారు. పర్యటనకు వచ్చిన అధికారి గుర్రానికి కూడా గడ్డి వెట్టిగానే పోయాలి. ఈ రెండూ నిజాలే. ఒకటి చెప్పి ఇంకొకటి దాచే చరిత్ర మనకు వద్దు.

4. గుర్రానికి వంశావళి

పందెపు గుర్రం గురించి తెలుసుకుంటున్నప్పుడు నన్ను ఎక్కువ కదిలించిన విషయం ఇది. మేలుజాతి పందెపు గుర్రాలను థరోబ్రెడ్ అంటారు. ప్రపంచంలో ఎక్కడున్న థరోబ్రెడ్ అయినా మగ వరుసలో వెనక్కి పోతే ఇంగ్లండుకు తెచ్చిన మూడు తూర్పుదేశపు పోతు గుర్రాల దగ్గరికి చేరుతుంది. ఈ వంశావళులు రాసే పుస్తకం ఇంగ్లండులో 1791లో మొదలైంది. అప్పటి నుంచి ఏ గుర్రానికి ఏ గుర్రం పుట్టిందో రాస్తూనే ఉన్నారు. మన దేశంలోనూ ఆ రికార్డు ఉంటుంది. అందులో పేరు లేని గుర్రం పందెంలో దిగలేదు.

మా తాత చిన్నాయన తోమిన గుర్రానికి పది తరాల పేర్లు దొరకవచ్చు. ఆయన పేరు మా నాయనమ్మ నోట్లో తప్ప ఎక్కడా లేదు. ఆమె పోయాక ఆ పేరు కూడా పోయేదే, నేను నోట్‌బుక్కులో రాసుకోకపోతే.

రక్తం స్వచ్ఛంగా ఉండాలి, వంశం కలవకూడదు, మేలుజాతి వేరు, నాటుజాతి వేరు. గుర్రపుశాలలో ఈ మాటలు వింటే మనకు ఇంకేదో గుర్తుకు రావాలి. కులం కూడా ఇట్లాంటి జాతి శుద్ధి కోసమే పుట్టిందని వాదించినవాళ్ళకు బాబాసాహెబ్ 1936లోనే కులనిర్మూలన గ్రంథంలో జవాబిచ్చాడు. కులాలు పుట్టింది రక్తాలు కలిసిపోయిన చాలా కాలానికని, జాతి శుద్ధికీ కులానికీ సంబంధం లేదని తేల్చి చెప్పాడు. గుర్రానికి రాసే లెక్కను మనిషికి అంటగడితే దాని పేరు మనువాదం.

5. తోమితే పని, ఎక్కితే నేరం

గుర్రానికి జీను కావాలి. పగ్గం కావాలి. కొరడా కావాలి. ఇవన్నీ తోలుతో చేసేవి. తోలు ఎవరు తీశారు, ఎవరు ఊనారు, ఎవరు నానబెట్టి మెత్తగా చేశారు? మాదిగ లంద లేకుండా గుర్రం మీద దొర కూర్చోలేడు. గడ్డి మనది, తోలు మనది, రాత్రి కాపలా మనది. మరి ఎక్కే హక్కు?

మన తెలంగాణ పల్లెల్లో దొర గడీ ముందు నుంచి చెప్పులేసుకుని పోలేని రోజులు మా తాతలు చూశారు. గుర్రం మాట దేవుడెరుగు. అది పాత కథ అనుకుంటే, 2018 మార్చిలో గుజరాత్ భావ్‌నగర్ జిల్లాలో ఇరవై ఒక్కేళ్ళ దళిత యువకుడు హత్యకు గురయ్యాడు. గుర్రం కొనుక్కుని స్వారీ చేస్తున్నందుకే పైకులాలవాళ్ళు బెదిరించారని, అందుకే చంపారని కుటుంబం ఫిర్యాదు చేసింది. అదే ఏడాది జూలైలో ఉత్తరప్రదేశ్ కాస్‌గంజ్ జిల్లాలో ఒక దళిత పెళ్ళికొడుకు తన బరాత్ ఠాకూర్ల వీధి నుంచి పోవడానికి నెలల తరబడి అధికారుల చుట్టూ, కోర్టు చుట్టూ తిరిగాడు. చివరికి పోలీసు బందోబస్తు మధ్య ఊరేగాడు. పెళ్ళికి మేళగాళ్ళ కంటే పోలీసులు ఎక్కువయ్యారు.

గుర్రాన్ని తోమితే అది మన కులవృత్తి. అదే గుర్రాన్ని ఎక్కితే ఊరికి అవమానం. జంతువు మారలేదు. మనం దాని పక్కన నిలబడ్డామా, పైన కూర్చున్నామా అన్నదే తేడా.

6. పేకాటకు జీపు, గుర్రానికి చట్టం

నా చిన్నప్పుడు దసరా మరునాడు మా వాడలో వేపచెట్టు కింద పేకాడుతున్న నలుగుర్ని పోలీసులు జీపులో ఎక్కించుకుపోయారు. ముందున్న డబ్బు నూటయాభై రూపాయలు దాటదు. అందులో ఒకాయన మా మేనమామ. రెండు రోజులు స్టేషన్లో కూర్చోబెట్టారు. బయటికొచ్చాక ఆయన చాలా రోజులు తలెత్తి నడవలేదు.

పేకాటను నేను వెనకేసుకు రావడం లేదు. పేకాట మన ఇళ్ళు ముంచింది. మలక్‌పేటలో వారం కూలి పోగొట్టుకుని ఉత్త చేతులతో ఇంటికి పోయినవాళ్ళలోనూ మనవాళ్ళున్నారు. నేను అడుగుతున్నది చట్టం గురించి.

1948 సెప్టెంబర్ పోలీసు చర్య తర్వాత హైదరాబాద్ రాజ్యంలో వరసగా కొత్త శాసనాలు వచ్చాయి. ఫస్లీ 1358 అంటే 1948-49. జాగీర్లను రద్దు చేసిన శాసనం ఆ ఫస్లీదే. గుర్రపు పందేల మీద, వాటి బెట్టింగు మీద పన్ను వేసిన శాసనం కూడా ఆ ఫస్లీదే. జాగీర్లు కాగితం మీద పోయాయి. పందేలకు మాత్రం ప్రభుత్వ ముద్ర పడింది.

1974లో గేమింగ్ చట్టం వచ్చింది. మట్కా నేరం, సట్టా నేరం, పందెం కాయడం నేరం. ఒక్కదానికి మినహాయింపు: గుర్రపు పందెం జరిగే రోజున, ఆ ఆవరణలో, లైసెన్సు ఉన్నవాడి దగ్గర కాస్తే నేరం కాదు. అంతకు ముందే, 1967లో, సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బు కేసులో రమ్మీ ప్రధానంగా నైపుణ్యం మీద ఆధారపడ్డ ఆట అని సుప్రీంకోర్టు చెప్పింది. 1996 జనవరిలో మద్రాసు రేసుల కేసులో గుర్రపు పందెం కూడా నైపుణ్యమేనని తీర్పిచ్చింది. గుర్రం వంశం, దాని శిక్షణ, జాకీ సామర్థ్యం, వీటన్నిటినీ అంచనా వేసి పందెం కాస్తారు కాబట్టి అది జూదం కాదన్నది. 2017లో తెలంగాణ తన చట్టాన్ని సవరించి డబ్బు పెట్టి ఆడే రమ్మీని కూడా నిషేధంలోకి తెచ్చింది. గుర్రం జోలికి మాత్రం పోలేదు. గాంధీ జయంతి నాడు కల్లు దుకాణం మూసేస్తారు. మలక్‌పేటలో పెద్ద పందెం దక్కన్ డెర్బీ చాలా ఏళ్ళు ఆ రోజునే నడిచింది.

ఆ 1996 తీర్పు చదువుతుంటే నాకు ఒక ప్రశ్న వచ్చింది. గుర్రం వంశం నైపుణ్యం కింద లెక్కకొచ్చింది. జాకీ లెక్కకొచ్చాడు. శిక్షకుడు లెక్కకొచ్చాడు. పందెం కాసేవాడి తెలివి కూడా లెక్కకొచ్చింది. గుర్రం ఏ పూట సరిగా తినలేదో, ఏ కాలు బరువుగా వేస్తోందో అందరికంటే ముందు తెలిసేది సాయిసుకు. మా వేపచెట్టు కింద నలుగురు ఆడింది కూడా రమ్మీనే. వాళ్ళ నైపుణ్యాన్ని ఎవరూ అడగలేదు.

7. ఎకరాల లెక్క

చివరగా భూమి. రేసు మైదానం అంటే మామూలు ఆటస్థలం కాదు. ఊరి మధ్యలో వందకు పైగా ఎకరాలు చదునుగా, ఖాళీగా, కంచె వేసి ఉంచగలగడం. మద్రాసు గిండీ కథ మనకు పాఠం. 1945లో 160 ఎకరాలకు పైగా ప్రభుత్వ భూమిని రేస్ క్లబ్బుకు 99 ఏళ్ళ లీజుకు ఇచ్చారు. అద్దె ఏడాదికి 614 రూపాయల 13 అణాలు. నెలకు కాదు, ఏడాదికి. ఎకరానికి నాలుగు రూపాయలు కూడా పడలేదు. అద్దె బకాయి 730 కోట్లు దాటిందని చెప్పి 2024 సెప్టెంబర్‌లో తమిళనాడు ప్రభుత్వం లీజు రద్దు చేసి గేటుకు సీలు వేసింది. క్లబ్బు కోర్టుకు పోయింది.

ఇప్పుడు మన సంగతి. భూమి లేని దళిత కుటుంబానికి మూడెకరాలు ఇస్తామని 2014లో కొత్త తెలంగాణ ప్రభుత్వం మాటిచ్చింది. మన జిల్లాలో ఎంతమందికి అందిందో మీ మీ ఊళ్ళల్లో అడగండి. భూమి దొరకలేదు, ధర కుదరలేదు అన్నారు. గుర్రం పరిగెత్తడానికి ఊరి నడిబొడ్డున భూమి దొరుకుతుంది. గడ్డి కోసినవాడి మనవడు నిలబడటానికి ఊరి చివర కూడా దొరకదు. మహబూబ్ అలీ పాషాకు మౌలాలి దూరమనిపిస్తే మైదానమే నడిచి ఆయన ఇంటికొచ్చింది. మన పిల్లలకు హాస్టల్ దూరమైతే పిల్లలే నడవాలి.

8. మనం చేయాల్సిన పని

ఇదంతా చదివి కోపం తెచ్చుకుని ఊరుకుంటే లాభం లేదు. విద్యార్థులకు ఒక పని చెబుతున్నాను.

మీ ఇంట్లో, మీ వాడలో డెబ్బై ఏళ్ళు దాటినవాళ్ళు ఉంటే వాళ్ళ పక్కన కూర్చోండి. లష్కర్‌లో గానీ, దొర గడీలో గానీ, పోలీసు లైన్లలో గానీ గుర్రాల దగ్గర పనిచేసినవాళ్ళు మన కుటుంబంలో ఎవరున్నారని అడగండి. గడ్డి కోసిన అమ్మమ్మలు ఎవరు? మోపుకు ఎంతిచ్చేవాళ్ళు? ఎక్కడి నుంచి కోసుకొచ్చేవాళ్ళు? జీను కుట్టిన తాత ఎవరు? పేర్లతో సహా రాయండి. ఫోన్‌లో రికార్డు చేయండి. తేదీ వేయండి. ఆర్కైవ్స్‌లో నవాబుల ఫర్మానాలు పదిలంగా ఉంటాయి. మన నాయనమ్మలు అట్లా పదిలంగా ఉండరు.

మొన్న మళ్ళీ సికింద్రాబాద్ పోయాను. ఎప్పటిలాగే మౌలాలి దగ్గర బండి ఆగింది. పక్క సీట్లో హన్మకొండ నుంచి కోచింగ్‌కు పోతున్న చెల్లె ఉంది. ఎస్సీ హాస్టల్లో ఉండి చదువుకున్న పిల్ల. గుట్ట చూపించి ఇక్కడ ఒకప్పుడు గుర్రపు పందేలు జరిగేవమ్మా అన్నాను. ఆమె కిటికీలోంచి కాసేపు చూసి, "గెలిచిన గుర్రానికి కప్పు ఇస్తరు గదన్నా, దాన్ని పెంచినోళ్ళకు ఏమిస్తరు?" అని అడిగింది.

నేను జవాబు వెతుక్కునే లోపు సిగ్నల్ పడింది.

జై భీమ్. జై సావిత్రిబాయి.